బాగుంది అనకూడని వేసవి

మా అక్కకి ముక్కు మీద కోపం. ఆ ఏడు వేసవి మొదట్లో వచ్చిన జ్వరం ఆమె ముక్కుని పట్టుకుపోయింది గాని, దాని మీదున్న కోపాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఆ సంగతి ముందుగా బయటపడింది నా ఎదుటే. జ్వరం తగ్గి నాలుగు రోజులైంది. అక్క పొయ్యి ముందు నిలబడి పుడ్డింగుకి పాలు కలుపుతోంది. గిన్నె అడుగంటింది. మాడు వాసన మెట్లెక్కి వచ్చి, పై గదిలో పడుకున్న నన్ను లేపి కిందికి దింపింది. ఆమె మాత్రం తాపీగా గరిటె తిప్పుతూనే ఉంది.

"అక్కా, మాడిపోతోంది!"

గిన్నెలోకి వంగి చూసింది. గట్టిగా గాలి పీల్చింది. పొయ్యి ఆపేసి దాల్చినచెక్క డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత కాఫీపొడి డబ్బా, ఆ తర్వాత వెనిల్లా సీసా. దేని మూత దానికి జాగ్రత్తగా పెట్టేసి, "ఏమీ లేదురా. అన్నిట్లోనూ మంచినీళ్ళు పోసి పెట్టినట్టుంది" అంది. వేలితో కాస్త తేనె నాకి చూసి అదీ అంతే అంది.

డాక్టరు తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. నెలలు పట్టొచ్చన్నాడు.

మా ఇల్లు కింద దుకాణం, పైన కాపురం. ముందు గదిలో అద్దాల బీరువా, వెనక గదిలో కరెంటు ఓవెను, గ్యాసు పొయ్యి, పొడుగాటి రాతి బల్ల. పదిహేడేళ్ళుగా అక్క ఆ బల్ల దగ్గర కేకులూ బిస్కట్లూ పుడ్డింగులూ చేస్తూనే ఉంది. ఎలా చేసేదంటే, కేకు ముక్కలు కొయ్యడానికి పక్కన స్కేలు పెట్టుకునేది. పైన గీతంత పగులొచ్చినా, ఓ పక్కకి ఒరిగినా ఆ కేకు అద్దాల బీరువా మొహం చూసేది కాదు. నేనూ బావా పదిహేడేళ్ళుగా తిన్నవన్నీ వంకర కేకులే. వాటికి మేమేం తక్కువ చెయ్యలేదు, అది వేరే సంగతి.

బావ నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. ఇంటింటికీ వెళ్ళి మీటరు ఎంత చూపిస్తే అంత రాసుకొస్తాడు. మాట కూడా అంతే. ముక్కుసూటి మనిషి.

"దుకాణం మూసేద్దాం," అన్నాడు ఆ సాయంత్రం. "రుచి సంగతి తర్వాత. రేపు గ్యాసు లీకైతే నీకు తెలుస్తుందా?"

"తెలీదు," అంది అక్క.

"మరి?"

"మరేముంది, జాగ్రత్తగా ఉంటాను. బళ్ళు తెరిచేదాకా చూడండి. తెరిచిన రోజున పెద్ద టీచరుగారి కేకు ఎలాగూ ఉంది కదా. ఆవిడ పెదవి విరిచారంటే నేనే తాళం వేసి, తాళంచెవి తెచ్చి మీ చేతిలో పెడతాను. మళ్ళీ ఆ గదిలో అడుగు పెడితే అడగండి."

పెద్ద టీచరుగారంటే మా బడికి హెడ్మాస్టరు. మా బడి అని ఎందుకంటున్నానంటే, నేను నడిపేది ఆ బడి వ్యానే. బడి తెరిచిన రోజున పిల్లలందరికీ ఆవిడ కేకు పెట్టిస్తారు. ఏటా అది అక్క చెయ్యాల్సిందే. ఏటా ఆవిడ చివరి ముక్క తిని తల ఊపాల్సిందే.

బావ అక్క మొహంలోకి చూశాడు. ఇంకో మాట అని లాభం లేదని తెలిసినవాడు కాబట్టి, "రుచి ఎవరు చూస్తారు?" అని మాత్రం అడిగాడు.

ఇద్దరూ నావైపు తిరిగారు. వేసవి సెలవులు కదా, వ్యాను నీడన పెట్టి నేను ఖాళీగా ఉన్నాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను వట్టి మొహమాటస్తుణ్ణి. మంగలి చెవి పక్కన గాటు పెట్టినా, అద్దంలో చూసుకుని "బాగుంది" అని వచ్చేసేవాణ్ణి. ఎవరింట్లో ఏం పెట్టినా బాగుందే, ఎవరి పాట విన్నా బాగుందే. నోట్లో నాలుక లేనివాడని పేరు. అలాంటివాణ్ణి అక్క ఏరి కోరి తన నాలుకగా పెట్టుకుంది.

మొదటి రెండు వారాలూ నా ఉద్యోగం హాయిగా సాగింది. అక్క చెంచా అందించేది, నేను నోట్లో పెట్టుకుని "బాగుంది" అనేవాణ్ణి. ఆమె పాత అలవాటుగా పంచదార వేలికంటించుకుని నాలుక మీద పెట్టుకునేది. పెట్టుకున్నాక ఏమీ తెలియక ఓ క్షణం ఆగి, నావైపు చూసేది. ఆ చూపు చూశాక ఎవరికైనా ఇంకో మాట ఎలా వస్తుంది?

బళ్ళో పాతికేళ్ళు పని చేసిన ఆయా రిటైరవుతోందని, చిన్న సభ పెట్టి పెద్ద టీచరుగారు ఒక కేకు చెప్పారు. పొద్దున్నుంచి అక్క నిలబడే ఉంది. ఇంకా నీరసం తగ్గలేదు, మధ్యమధ్య బల్ల పట్టుకుని ఆగుతోంది. పైన రాసే క్రీము గిలక్కొట్టి చెంచా నా చేతికిచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. వెన్న పాతబడింది. ఎక్కువేం కాదు, మింగాక గొంతులో కాస్త పాత వాసన తగిలింది. అక్క మెడ మీద చెమట చూశాను. ఇది పారేసి మళ్ళీ గిలక్కొట్టాలంటే ఇంకో గంట నిలబడాలి.

"బాగుంది," అన్నాను.

మర్నాడు పొద్దున్న పెద్ద టీచరుగారు స్వయంగా వచ్చారు, కేకు పెట్టెతో సహా. తెరిచి బల్ల మీద పెట్టారు. ఒక్క ముక్కే తెగింది.

"వెన్న పాడైపోయిందమ్మా," అన్నారు నెమ్మదిగా. "ఆయా పాపం మొహమాటపడి తన ముక్క మొత్తం తినేసింది. నేనే ఇంకెవరికీ పెట్టనివ్వలేదు. నువ్వు చూసుకోలేదా?"

"చూసుకోలేదండి. తప్పు నాదే. జ్వరంతో నా ముక్కూ నాలుకా పని చెయ్యడం మానేశాయి. మీకు ముందే చెప్పాల్సింది," అంది అక్క.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బడి తెరిచే రోజు కేకు నువ్వే చేస్తావా మరి?" అన్నారు చివరికి.

"నేనే చేస్తాను."

ఆవిడ సరేననలేదు, కాదనలేదు. వెళ్ళిపోయారు.

అక్క పెట్టె మూత వేసి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఆమె అరిస్తే బాగుండుననిపించింది. అరవలేదు.

"నీకు తెలిసిందా?"

"తెలిసింది."

"మరెందుకు చెప్పలేదు?"

"నువ్వు అప్పటికే అలిసిపోయి..."

"నా ముక్కుని జ్వరం పట్టుకుపోయింది. మిగిలిన నాలుకని నువ్వు పట్టుకుపోయావు. జ్వరానికైతే నేను ఎవరో తెలీదు. నీకూ తెలీదట్రా?"

ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

అక్క లేచి, ఓవెను పక్క గోడ మీద సుద్దతో పెద్ద అక్షరాలు రాసింది: *బాగుంది అనకూడదు.* "ఈ గదిలో ఆ మాట ఎవరి నోట వచ్చినా సరే, ట్రేలన్నీ వాళ్ళే కడగాలి," అంది.

ఆ వారం పదకొండు ట్రేలూ రోజుకు రెండుసార్లు నేనే కడిగాను. అలవాటైన నోరు కదా. అక్క చెంచా పెట్టడం, నేను ఆ మాటనేసి నాలుక కరుచుకోవడం, ఆమె మాట్లాడకుండా కుళాయి వైపు చెయ్యి చూపించడం.

"బాగుందంటే నాకేం తెలుస్తుందిరా? తీపి ముందొస్తోందా, వెనకొస్తోందా? గొంతు పట్టుకుంటోందా? నాలుకకి జిడ్డుగా అతుక్కుంటోందా? నిమ్మ పులుపు జివ్వుమంటోందా, ఊరికే పక్కనుంచి పోతోందా?"

"పక్కనుంచి పోతోంది."

"చూశావా, నోట్లో నాలుక ఉంది నీకు!"

ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక నేను రుచి చూడడం నేర్చుకున్నాను. చప్పగా ఉండడం వేరు, తీపి తక్కువ కావడం వేరు. యాలకులు ఎక్కువైతే నోరు చల్లబడుతుంది. గుడ్డు సరిగ్గా ఉడక్కపోతే వాసన చివర్న వచ్చి పట్టుకుంటుంది. ఇవన్నీ చెబుతుంటే అక్క పుస్తకంలో రాసుకునేది. ఒక్కోసారి నేను నిజం చెప్పాక ఆమె మొహం వాడిపోయేది. నేను మాట మార్చబోతే, "వెనక్కి తీసుకోకు, ఉంచు," అనేది.

రుచికి నేనున్నాను సరే, కేకు కాలిందో లేదో ఆమె ఎప్పుడూ వాసనని బట్టే తెలుసుకునేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. గడియారం చూసి తీస్తే ఒకటి మాడేది, ఒకటి మధ్యలో పచ్చిగా ఉండి, బయటికి తియ్యగానే కుంగిపోయేది. బల్ల మీద వరసగా గుంతల కేకులు. పాత అక్కైతే వాటిని నా మొహానా బావ మొహానా కొట్టేది. ఆ వేసవి అక్క వాటి ముందు కూర్చుని, పచ్చి భాగం చెంచాతో తవ్వి తీసేసి, ఆ గుంతలో కస్టర్డు నింపి చూసింది. ముందు గదిలోకి తీసుకెళ్ళి, అద్దాల బీరువాలో పై అరలో పెట్టింది. పెట్టేముందు ఓ నిమిషం దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఆమెకది ఎంత కష్టమో నాకు తెలుసు.

సాయంత్రానికి అది అమ్ముడుపోయింది. రెండు రోజులకి ఎవరో వచ్చి, "ఆ గుంత కేకు ఉందా?" అని అడిగారు.

"గుంత కేకట!" అంది అక్క నాతో కోపంగా. కాని మర్నాడు రెండు చేసింది.

కాలిందో లేదో తెలుసుకునే ఉపాయం కూడా ఆమే కనిపెట్టింది. ఓ రోజు ఓవెను తలుపు తీసి, కేకు మీదికి చెవి వంచింది. పచ్చిగా ఉన్న కేకు లోపల చిన్నగా చిటపటలాడుతూ ఉంటుందట. కాలేకొద్దీ ఆ చప్పుడు తగ్గుతుందట. నేనూ చెవి పెట్టి చూశాను. నిజంగానే ఏదో గుసగుస.

"ఇంకా మాట్లాడుతోంది. మాట్లాడనీ," అని తలుపు వేసేసింది.

అంతా దారిన పడుతోందనుకున్న సమయంలో ఆ మధ్యాహ్నం వచ్చింది. నేను వీధిలో వ్యాను కడుగుతున్నాను. అక్క సన్నటి మంట మీద పంచదార పాకం పెట్టి, బల్ల దగ్గర పిండి కలుపుతోంది. ఉక్కగా ఉందని టేబుల్ ఫ్యాను తనవైపు తిప్పుకుంది. ఆ గాలికి మంట ఆరిపోయింది.

భోజనానికి వచ్చిన బావ గుమ్మంలోనే ఆగి, ఒక్క ఉదుటున లోపలికి పరుగెత్తాడు. నేను తడి గుడ్డతోనే వెనకాల వెళ్ళాను. గదంతా గ్యాసు. బావ సిలిండరు కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, అక్క రెక్క పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాడు. ఆమె చేతులకింకా పిండి ఉంది. ఏం జరిగిందో అర్థమయ్యేసరికి ఆమె మొహంలో రంగు పోయింది.

"ఇంక చాలు," అన్నాడు బావ. "కేకులు లేకపోయినా బతకొచ్చు. నువ్వు లేకపోతే నావల్ల కాదు."

ఇరవై ఏళ్ళ కాపురంలో బావ ఆ మాట అనగా నేను వినడం అదే మొదటిసారి. అక్క కూడా అంతేననుకుంటాను.

"మీరన్నది నిజమే," అంది. అరుగు మీద చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, "తమ్ముడూ, సిలిండరు ఓ పక్క పట్టు," అంది. ఇద్దరం కలిసి సిలిండరూ పొయ్యీ మోసుకెళ్ళి పెరట్లో పెట్టాం. ఇక కథ ముగిసిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న కిందికి దిగేసరికి అక్క ఓవెను ముందు ఉంది. ట్రేలో పంచదార పరిచి, ఓవెన్లో పెట్టి పాకం కాస్తోంది! ఒక పక్క బొగ్గు, ఇంకో పక్క పంచదార పంచదారలాగే ఉంది. అది తీసి పారేసి రెండోది పెట్టింది. దాని గతీ అంతే. మూడోది పెట్టింది. బావ మీటర్ల సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ మర్నాడూ చూశాడు, వెళ్ళిపోయాడు.

మూడో రోజు సాయంత్రం చంకలో ఓ పెట్టెతో వచ్చి దాన్ని రాతి బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే కరెంటు పొయ్యి.

"ఓవెన్లో పాకం కాచేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదు," అని పైకి వెళ్ళిపోయాడు. అక్క పెట్టె మీద చెయ్యి వేసి, కాసేపు మెట్లవైపు చూస్తూ ఉండిపోయింది.

కరెంటు పొయ్యి వేడి తగ్గమంటే వెంటనే తగ్గదు. పాకం ఎప్పుడు దించాలో వాసన చెప్పాలి, ఆ వాసన ఆమెకి అందదు. మొదటిది బాగా నల్లబడిపోయింది. పారెయ్యబోతుంటే ఆపి, చల్లారనిచ్చి కాస్త నోట్లో వేసుకున్నాను. అలవాటు అలాంటిది ఇప్పుడు.

"చేదు," అన్నాను.

"అనుకున్నా."

"ఉండు. ముందు తీపే వస్తోంది. చేదు చివర్లో వస్తోంది. అది పోయాక మళ్ళీ తినాలనిపిస్తోంది."

అక్క నన్ను అనుమానంగా చూసింది. "జాలిపడుతున్నావా?"

"ఒట్టు. దీన్ని వెన్నతీసిన పాలలో వేస్తే చప్పగా ఉంటుంది. చిక్కటి కస్టర్డులో పడాలి."

అలాగే వేసింది. సరిగ్గా అదే నలుపు మళ్ళీ రావాలంటే ఎలా? రంగు గుర్తుపెట్టుకోవడానికి ఇల్లంతా వెతికింది. చెప్పుల పట్టీ చూసింది, తలుపు చెక్క చూసింది. చివరికి వీధిలోకెళ్ళి, నా వ్యానులో వెనక సీటు దగ్గర ఆగింది. నేను వద్దంటున్నా వినకుండా సీటు కింద మడత నుంచి అరచెయ్యంత రెక్సిను ముక్క కత్తిరించుకొచ్చి, పొయ్యి ఎదుటి గోడకి మేకేసి కొట్టింది. అప్పట్నుంచి పాకం వ్యాను సీటు రంగుకి రాగానే దించడమే.

సెలవులు దగ్గరపడేకొద్దీ బావ భోజనానికొచ్చినప్పుడు తనూ ఓ చెంచా అందుకోసాగాడు. ఆయనకి గోడ మీది రాతతో పనే లేదు. "ఉప్పు చిటికెడు తక్కువ. అడుగు గట్టిపడింది. నిన్నటికంటే పులుపెక్కువ," అని మీటరు చదివినట్టు చదివేసేవాడు. నేను ట్రేలు కడిగి కడిగి నేర్చుకున్న విద్య ఆయనకి పుట్టుకతోనే ఉంది. పెళ్ళాం వంట గురించి ఇన్నేళ్ళూ ఎందుకు నోరెత్తలేదని అడిగితే, "నన్నెవరడిగారు?" అన్నాడు.

బడి తెరిచే రోజు తెల్లవారాక అక్క పెద్ద కేకు ఓవెన్లో పెట్టింది. నేను యూనిఫాం వేసుకుని పక్కనే నిలబడ్డాను. చెవి పెట్టింది, ఆగింది, మళ్ళీ పెట్టింది. తీసి బల్ల మీద పెట్టిన రెండు నిమిషాలకి మా కళ్ళముందే మధ్యలో మెల్లగా కుంగింది. అంచు వెంబడి ఇంత పొడుగు పగులొచ్చింది.

నేను పుల్ల గుచ్చి చూశాను. పొడిగానే వచ్చింది. బావ అంచున చిన్న తునక తుంచి నమిలాడు.

"ఉడికింది. గుడ్డు వాసన లేదు. తీపి సరిపోయింది. అంచు కాస్త గట్టి," అన్నాడు. గడియారం చూసి, "ఇంకోటి కాల్చడానికి టైముంది," అన్నాడు.

"ఉంది," అంది అక్క. స్కేలు అందుకుంది, చేత్తో పట్టుకుని కేకువైపు చూసింది. దాన్ని సొరుగులో పెట్టి సొరుగు మూసేసింది. "కాని కాల్చను. ఇది ఇలాగే వెళ్తుంది."

గుంత నిండా మాడు పాకం కస్టర్డు పోసింది. పగుల్లోకి కూడా పోసింది, అది అంచు దిగి పళ్ళెంలోకి జారింది.

కేకు బడికి వెళ్ళకముందే చూడ్డానికి పెద్ద టీచరుగారు తనే వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"మధ్యలో ఇదేంటమ్మా?"

"కుంగిందండి. నింపాను."

ఆవిడ చెంచా అడిగారు. బావ గోడకానుకుని నిలబడ్డాడు. అక్క చేతులు కట్టుకుని, ఆవిడ నోటివైపే చూస్తోంది.

"చేదుగా ఉందే," అన్నారు ఆవిడ. నమిలారు. కాసేపాగి మళ్ళీ చెంచా ముంచారు. "పిల్లలు పేరడిగితే ఏం చెప్పను?"

"గుంత కేకు," అనేశాను నేను.

ఆవిడ నావైపు చూసి, "వ్యాను నెమ్మదిగా నడుపు," అన్నారు.

ముందు సీట్లో కేకునీ, వెనక పిల్లల్నీ ఎక్కించుకుని వెళ్ళాను. మధ్యాహ్నానికి పళ్ళెం తిరిగి తీసుకొచ్చాను. కడిగినట్టుంది. పళ్ళెం వెనక్కి ఇస్తూ పెద్ద టీచరుగారు ఎప్పట్లాగే తల ఊపారని చెప్పాను. తాళంచెవి సంగతి ఎవరూ ఎత్తలేదు. రేపట్నుంచి మధ్యాహ్నం రుచి చూడ్డానికి తను వస్తానని, పొద్దున పూట మాత్రం నేను వ్యాను తియ్యకముందు చూడాలని బావ వాటాలు వేసేశాడు.

అక్క పొయ్యి దగ్గర గిన్నెలో మిగిలిన కస్టర్డు ఓ చిన్న కప్పులోకి తీసి, పైన పాకం పెంకు విరిచి వేసింది. మాకోసం అనుకున్నాం. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, తనే చెంచా ముంచింది. జ్వరం వచ్చాక ఆమె కూర్చుని తీపి తినడం అదే మొదటిసారి. తింటే మట్టి తిన్నట్టుందని, కడుపు నింపుకోవడానికి మాత్రం ఇంత అన్నం తిని లేచేది.

పెంకు కరకరమంది. మెల్లగా నమిలింది. కళ్ళు మూసుకుంది. ఏమైనా తెలిసిందేమోనని నాకు ఆశపుట్టింది, ఆపుకోలేక అడిగేశాను.

"ఎలా ఉందక్కా?"

"రుచా? ఏమీ తెలీలేదురా," అంది. ఇంకో చెంచా తిన్నది. "పైన కరకరలాడుతోంది. లోపల చల్లగా ఉంది. నాలుక మీద నిలవకుండా మెత్తగా జారిపోతోంది." కప్పు అడుగంటా గీకి తిని, చెంచా కింద పెట్టింది.

"బాగుంది," అంది.

బావా నేనూ ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. బావే ముందు గోడ మీది రాత వైపు తిరిగి, ఏమీ అనకుండా కుళాయి వైపు చెయ్యి చూపించాడు. అక్కకి కోపమొస్తుందనుకున్నాను. చెంగు దోపుకుని లేచింది. ఆ రోజు పదకొండు ట్రేలూ అక్కే కడిగింది. నేను సాయం చెయ్యబోతే ఒక్కటి కూడా ముట్టుకోనివ్వలేదు.